క్షయక్రిమి నిద్రయు, రోగి ఆరు నెలలును

మందులు లేక కాదు, మందులు చేతనుండియు మనుష్యులు క్షయరోగముచే మరణించుచుండుట మన కాలపు దుఃఖములలో మిక్కిలి పెద్దది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారము 2023లో ఒక కోటి 8 లక్షలమంది ఈ వ్యాధి పాలబడగా, పండ్రెండున్నర లక్షలమంది దీనివలన అసువులు బాసిరి. ఆ రోగులలో నాలుగవ వంతునకు మించినవారు భారతదేశమువారే. ఇట్టి స్థితిలో దేశముయొక్క మేధస్సును ధనమును ఏ దిక్కునకు మరల్పవలెననునది సామాన్యమైన ప్రశ్న కాదు. క్రిమికణములోపల వార్తలు మోయు ఎంజైములను స్తంభింపజేయు మందులకై వెదకుట శ్రేయమా, లేక ఉన్న మందులను అన్నమును రోగి ముంగిటికి చేర్చుటయే శ్రేయమా అని హనుమకొండలో ఒక వృద్ధ శ్వాసకోశవైద్యునికిని, హైదరాబాదులో జీవరసాయనశాస్త్రమున పరిశోధన చేయుచు సెలవులకు వచ్చిన ఆయన మేనకోడలికిని నడచిన సంవాదమును ఇక్కడ పొందుపరచుచున్నాను. వారి పేళ్లతో పాఠకులకు పనిలేదు, వాదములతోనే పని.

వైద్యుడు: అమ్మాయీ, నీవు క్షయక్రిమిలోని సంకేత ఎంజైములపై పనిచేయుచున్నావని మీ అమ్మ చెప్పగా విని సంతోషించితిని, గాని ఆ సంతోషము వెంట ఒక సందేహమును కలిగినది. 1882 మార్చి 24వ తేదీన రాబర్ట్ కాక్ ఈ క్రిమిని లోకమునకు చూపిన తరువాత అరువదియేండ్లవరకు వైద్యుని చేతిలో మంచి గాలి, మంచి తిండి, విశ్రాంతి తప్ప చెప్పుకోదగిన ఆయుధము లేకుండెను. మదనపల్లె చెంత ఆరోగ్యవరమున 1912లో పునాదిపడిన శానటోరియము ఆ కాలపు రోగులకు పెద్దదిక్కు. పిమ్మట 1940 దశకమున స్ట్రెప్టోమైసిన్, 1952లో ఐసోనియాజిడ్, 1960 దశకమున రిఫాంపిసిన్ వరుసగా వచ్చినవి. 1956లో మద్రాసున మొదలైన పరీక్ష, ఇంటిపట్టుననుండి మందు తినిన పేదరోగియు శానటోరియములో మంచముపై పండుకొని తినిన రోగితో సమానముగా కోలుకొనునని నిరూపించి, లోకమంతట క్షయచికిత్స తీరునే మార్చివేసినది. కావున కొరత మందులలో లేదు. ఈ వరంగల్లులో నాయొద్దకు వచ్చిన బీడీలు చుట్టు స్త్రీ గాని, ఇటుకబట్టీలో పనిచేయు కూలి గాని రెండు నెలలు మందు మ్రింగి, జ్వరము తగ్గి, ఆకలి పుట్టి, నాలుగు కిలోలు బరువెక్కగానే రోగము పోయినదనుకొందురు, మందు తినిన దినమున కడుపు త్రిప్పును, మూత్రము ఎర్రబడును, పనికి పోజాలరు, అందుచేత మానివేయుదురు. మరుసటి యేడు మందులకు లొంగని క్రిమితో తిరిగివత్తురు. ఈ దుర్గతికి నీ ఎంజైములతో సంబంధమేమి?

శోధకురాలు: మామయ్యా, మీరు చెప్పిన దానిలో నేను కాదనదగినది ఒక్కటియు లేదు. ఆ స్త్రీ రెండవ నెలలో మందు మానుట నిజము. కాని ఆమె ఆరు నెలలు తినవలసి వచ్చుట ఎవరివలన? తక్కిన న్యుమోనియాలకు చికిత్స సాధారణముగా పదిదినములలోపల ముగియుచుండగా, దీనికి మొదటి రెండు నెలలు నాలుగు మందులు, తరువాత నాలుగు నెలలు మూడు మందులు ఏల? ఐసోనియాజిడ్ క్రిమి గోడలోని మైకాలిక్ ఆమ్లముల నిర్మాణమును ఆపును. ఇథాంబుటాల్ అదే గోడలోని చక్కెరల అల్లికను చెరచును. అనగా ఈ రెండును పనిచేయుచున్న క్రిమిని, గోడ కట్టుచున్న క్రిమిని కొట్టును. పని మానుకొని పండుకొనిన క్రిమిని అంత సుళువుగా కొట్టజాలవు. ఊపిరితిత్తులలో క్షయవలన ఏర్పడు కణితల నడుమ ప్రాణవాయువు తరిగినచోట క్రిమి పెరుగుదల నిలిపి, తిండి తగ్గించి, నెలలతరబడి సుప్తావస్థలో నుండగలదు. మీ రోగికి రెండవ నెలలో జ్వరము తగ్గుట మేలుకొనియున్న క్రిములు చచ్చుటవలన. మిగిలిన నాలుగు నెలల చికిత్స నిద్రించుచున్నవాని కొరకు. అట్టి మొండి క్రిములను కూడ చంపగల రిఫాంపిసిన్, పైరజినమైడ్ కలిసిన తరువాతనే గదా, ఒకప్పుడు ఏడాదిన్నర సాగిన చికిత్స ఆరు నెలలకు దిగినది! నిద్రను జయించిన కొలది నెలలు తగ్గునని చరిత్రయే చెప్పుచున్నది.

వైద్యుడు: నెలలు తగ్గినవని ఒప్పుకొందును. అయితే క్రిమి నిద్రించుట దాని స్వభావము. స్వభావమునకు మందేమిటి?

శోధకురాలు: అది స్వభావము మాత్రమే కాదు, ఆజ్ఞ. ఆజ్ఞ యున్నచోట దానిని మోయు దూతయు నుండవలెను గదా. మన ఓరుగల్లు కోటను తలచుకొనుడు: వెలుపలి మట్టికోటపై కావలివాడు శత్రువును చూచును, వార్త లోపలి రాతికోటకు చేరును, అక్కడనుండి సేనలకు ఉత్తరువు వెడలును. క్షయక్రిమిలో ప్రాణవాయువు తగ్గుటను కనిపెట్టు కావలివారు డాస్-ఎస్, డాస్-టి అను రెండు ఎంజైములు; వీనిలో మన రక్తమునందువలెనే ఇనుముతో కూడిన హీము కలదు. ప్రాణవాయువు తరిగినప్పుడు ఇవి తమలోని హిస్టిడిన్‌పై ఒక ఫాస్ఫేటు నుంచుకొని, దానిని డాస్-ఆర్ అను ప్రోటీనులోని ఆస్పార్టేటునకు అందించును. ఆ ప్రోటీను జన్యువులపై వ్రాలి సుమారు ఏబది జన్యువులను ఒక్కమారు మేల్కొల్పును. ఆ జన్యువుల పనియే క్రిమి నిద్రకు ఏర్పాటు. డాస్-ఆర్, డాస్-ఎస్ జంటను ఢిల్లీ అఖిలభారత వైద్యవిజ్ఞానసంస్థలో జయ త్యాగి బృందము కనుగొని, దేవ్-ఆర్, దేవ్-ఎస్ అను పేళ్లతో 2000లో ప్రకటించినది. ఇట్టి హిస్టిడిన్ కైనేజుల జంటపద్ధతి జంతుజాతిలో లేదు. కావున దానిని ఆపు మందు మన కణములను బాధింపదని ఆశింపవచ్చును.

వైద్యుడు: ఆశకు అడ్డుచెప్పను; సాక్ష్యము నడుగుదును. డాస్-ఆర్ జన్యువును తొలగించిన క్రిమిని ఎలుకలలో ప్రవేశపెట్టినప్పుడు అది కొన్ని పరీక్షలలో ఏమాత్రము నీరసింపలేదని నేనును చదివితిని. ఎలుకలోనే జయింపని ఉపాయము మనిషిలో జయించునా?

శోధకురాలు: చదివినది సత్యమే. గాని సాధారణముగా వాడు ఎలుకల ఊపిరితిత్తులలో మనుష్యులలోవలె ప్రాణవాయువు తరిగిన కణితలు ఏర్పడవు. నిద్రించు అవసరమే లేని చోట నిద్రాజ్ఞ లేకున్నను క్రిమికి నష్టమేమి? మనుష్యులవంటి కణితలు ఏర్పడు మకాక్ కోతులలో పరీక్షించినప్పుడు, 2015లో ప్రకటించిన ఫలితము ప్రకారము, డాస్-ఆర్ మార్గము చెడిన క్రిమి నిలువలేకపోయినది. మరియొక సాక్ష్యము మనుష్యుని నోటనుండియే వచ్చినది: రోగుల కఫములోని క్రిములను పరిశీలించినవారు, వానిలో కొవ్వుబిందువులు నిండియుండుటను, ఈ సుప్తావస్థాజన్యువులు మేల్కొనియుండుటను 2008లో చూపిరి. అనగా మీరు సూక్ష్మదర్శిని క్రింద చూచిన ఎర్రని కడ్డీలలో కొన్ని అప్పటికే నిద్రకు సిద్ధపడినవి.

వైద్యుడు: ఇది నిద్ర సంగతి. సంకేత ఎంజైములన్నియు నిద్రకొరకే కావు గదా. కైనేజులని మీరందరు మిక్కిలి చెప్పుకొందురు.

శోధకురాలు: కైనేజు కథలో మనవారి పేరు కూడ కలదు. భీమవరమున 1895లో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు, సైరస్ ఫిస్కేతో కూడి ఫాస్ఫేటును కొలుచు పద్ధతిని 1925లో ఏర్పరచెను. 1929లో ఏటీపీ అను శక్తిద్రవ్యమును కనుగొన్నవారిలో ఆ ఇరువురును ఉన్నారు. కైనేజు అనగా ఆ ఏటీపీనుండి ఒక ఫాస్ఫేటును త్రుంచి మరియొక ప్రోటీనుకు అంటించు ఎంజైమే. ఆ ఫాస్ఫేటు అంటగానే ప్రోటీను నడవడి మారును, అదియే సంకేతము. 1998లో క్షయక్రిమి జన్యుపటము వెల్లడియైనప్పుడు, మన కణములలోనివానిని పోలిన సెరిన్–థ్రియోనిన్ కైనేజులు 11 దానిలో కనబడినవి. కుష్ఠుక్రిమి దీనికి దాయాది. కాలక్రమమున తన జన్యువులలో అధికభాగమును పోగొట్టుకొని బీదయైన ప్రాణి. అట్టిదియు నాలుగు కైనేజులను మాత్రము వదలలేదు: పీకేఎన్-ఎ, పీకేఎన్-బి, పీకేఎన్-జి, పీకేఎన్-ఎల్. సర్వమును పోగొట్టుకొనినవాడు చివరకు దేనిని పట్టుకొనియుండునో అదియే వానికి ప్రాణము గదా! మొదటి రెండును క్రిమి పెరుగుదలకును, ఆకృతికిని, గోడ నిర్మాణమునకును అధికారులు. పీకేఎన్-జి పని వేరు. మన శరీరములోని భక్షకకణము క్రిమిని మ్రింగి లైసోసోమునకు చేర్చి జీర్ణింపజేయబోవగా, ఆ చేరికను ఇది అడ్డగించునని 2004లో స్విట్జర్లాండులోని బాజెల్ శోధకులు చూపిరి.

వైద్యుడు: ఈ పని మన ప్రాంతమున ఎవరైన చేయుచున్నారా, లేక దూరదేశపు వార్తయేనా?

శోధకురాలు: ఇంటిపనియే, మామయ్యా. 2021లో హైదరాబాదులోని కణ, అణుజీవశాస్త్ర పరిశోధనకేంద్రమగు సీసీఎంబీకి సంచాలకులైన వినయ్ నందికూరి అంతకుముందు ఢిల్లీలోని జాతీయ రోగనిరోధకశాస్త్ర సంస్థలో చాలకాలము ఈ కైనేజులపైననే కృషిచేసిరి. పీకేఎన్-బి పరీక్షనాళికలో పెరుగు క్రిమికి మాత్రమే కాక, శరీరములోపల బ్రతుకు క్రిమికిని అత్యవసరమని వారి బృందము 2014లో చూపినది. ఈ కైనేజుయొక్క ఒక భాగము పొరకు వెలుపల నుండి, గోడ కట్టుటకు వచ్చిన లిపిడ్-టూ అను ముడిసరుకును తాకి చూచి, లోపలి భాగమునకు తెలియజేయునని 2019లో అదే బృందము ప్రకటించినది. ముడిసరుకు వచ్చినదను వార్త తప్పినచో గోడపని అదుపు తప్పును.

వైద్యుడు: వింటిని; శ్లాఘింపదగిన జ్ఞానము. ఇక నా ఆక్షేపములను విను. జ్ఞానము వేరు, మందు వేరు. మొదటిది, మనుష్యుని కణములలో అయిదు వందలకు మించిన కైనేజులు కలవు. అన్నియు ఏటీపీనే పట్టుకొనును. క్రిమి కైనేజులోని ఏటీపీ చోటును మూయు మందు మన కైనేజులను మూయదని పూచీ ఏమి? రెండవది, నాళికలో అత్యల్పమాత్రతో ఎంజైమును ఆపిన పదార్థము బ్రతికియున్న క్రిమిని ఆపుటకు వందలరెట్లు కావలసివచ్చుట మీకు తెలియనిది కాదు. ఆ మైనపుగోడను దాటవలె, దాటినపిమ్మట లోపల సమృద్ధిగానున్న ఏటీపీతో పోటీపడవలె. మూడవది, లక్ష్యమును ముందుగా నెన్నుకొని మందును వెదకు పద్ధతికే బాక్టీరియాల విషయమున మంచి పేరు లేదు. గ్లాక్సోస్మిత్‌క్లైన్ సంస్థ 1995 మొదలు 2001 వరకు సుమారు 70 లక్ష్యములపై లక్షలకొలది పదార్థములను పరీక్షించి, చివరకు అయిదింటికి మాత్రమే పనికివచ్చు ఆధారపదార్థములను పొందినది. నాలుగవది, నలుబదియేండ్ల తరువాత క్షయకు కొత్తగా వచ్చిన బెడాక్విలిన్ ఎట్లు దొరికినది? లక్ష్యము నెరిగి కాదు. బ్రతికియున్న క్రిమిపై పదార్థములను వేసి, చచ్చినదా లేదా అని చూచి దానిని కనుగొనిరి. తరువాత ఆ మందుకు లొంగని క్రిముల జన్యుపటమును చదివి, అది క్రిమియొక్క ఏటీపీ యంత్రమును ఆపునని తెలిసికొని 2005లో ప్రకటించిరి. ముందు మరణము, పిమ్మట కారణము. నీ మార్గము తలక్రిందుగా లేదా?

శోధకురాలు: మీ నాలుగు ఆక్షేపములలో మొదటి మూడును బలమైనవి. పీకేఎన్-బి నిర్మాణము 2003లోనే తేటపడినను, ఇంతవరకు దానినుండి ఒక మందైనను రోగి చేతికి రాలేదు. దీనిని దాచుట శాస్త్రధర్మము కాదు. అయితే ప్రతి దానికిని ఒక త్రోవ కనబడుచున్నది. పీకేఎన్-జి ఆకృతిలో మానవ కైనేజులయందు లేని మలుపు కలదు. దానిని పట్టుకొను పదార్థము మన కైనేజులను వదలి దానినే ఆపునని 2007లో తేలినది. పీకేఎన్-బి వెలుపలి భాగము పొరకు అవతలనే యున్నది; అచ్చట ఏటీపీతో పోటీ లేదు. ఇక మీ నాలుగవ ఆక్షేపమే నాకు మిక్కిలి మేలు చేయుచున్నది. బ్రతికియున్న క్రిమిపైననే వెదకవలెనన్నారు, అట్లే వెదకిరి. డాస్-ఆర్ మేల్కొనినప్పుడు వెలుగునట్లు క్రిమిని సిద్ధపరచి, అయిదు లక్షలకు మించిన పదార్థములను దానిపై వేసి, మరణమునకు బదులు వెలుగు తగ్గుటను చూచిరి. అట్లు దొరికినవానిలో మలేరియాకు మనమెరిగిన ఆర్టెమిసినిన్ ఒకటి. అది డాస్-ఎస్, డాస్-టి లలోని హీమును చెరచి కావలివాని కన్ను మూయించునని 2017లో ప్రకటించిరి. ఇట్లే ఫో-పి, ఫో-ఆర్ అను వేరొక సంకేతజంటను ఆపు గుణము ఎథాక్సోలమైడ్ అను పాత మందులో 2015లో బయటపడినది. ఫో-పి చెడిన క్రిమి రోగము కలిగించు శక్తిని కోల్పోవును. ఆ జన్యువును కూడ తొలగించి తయారుచేసినదే ఇప్పుడు పరీక్షలలోనున్న ఎంటీబీవ్యాక్ అను టీకా. కావున మీ పద్ధతియు నా లక్ష్యమును పరస్పరవిరుద్ధములు కావు.

వైద్యుడు: ఈ తర్కము మెచ్చదగినది. కాని ఒక చిక్కు మిగిలినది. కావలివాని కన్ను మూసినంతమాత్రమున క్రిమి చావదు. నిద్రింపనిదై యుండును, అంతే. నీ మందు ఒంటరిగా ఏ క్రిమిని చంపును?

శోధకురాలు: చాలవరకు చంపదు, చంపవలెనని నేనును కోరను. నిద్రింపనియ్యని క్రిమిని మీ ఐసోనియాజిడ్ చంపును. భక్షకకణమునుండి దాగనియ్యని క్రిమిని మన శరీరమే చంపును. నా మందు పాత మందులకు తోడు. శత్రువు దాగు చోటును మూయునది. అందుచేతనే దీనిని పరీక్షించు తీరును మారవలెను. పాత్రలో ఎన్ని క్రిములు చచ్చినవని చూచినచో ఇట్టి మందు నిష్ప్రయోజకముగా కనబడి మొదటి మెట్టుననే తోసివేయబడును. పాత మందులతో కలిపి యిచ్చి, చికిత్స ఎన్ని వారములు తగ్గెను, మానిన తరువాత రోగము ఎందరికి తిరుగబెట్టెను అని చూడవలెను.

వైద్యుడు: ఇప్పుడు నీవు నా భాషలో మాటాడుచున్నావు, బిడ్డా. అయినను పెద్ద ఆక్షేపము ఇంకను చెప్పలేదు. జార్ఖండులో 2019 మొదలు 2022 వరకు జరిగిన పరీక్షలో, క్షయరోగుల ఇంటివారికి అదనముగా తిండిగింజలు, పప్పు, పోషకపు మాత్రలు ఇచ్చినంతనే వారిలో కొత్తగా క్షయ పుట్టుట నూటికి నలుబదివంతుల మేర తగ్గినది. ఏ ఎంజైమును ఆపక, ఏ కైనేజును మూయక! మన దేశమున నిక్షయ్ పోషణ్ యోజన క్రింద 2018 నుండి రోగికి నెలకు 500 రూపాయలు, 2024 నవంబరు మొదలుకొని 1000 రూపాయలు ఇచ్చుచున్నారు. దీనిని ఇంకను పెంచుట, కఫపరీక్షను పల్లెకు చేర్చుట, ఇంటింటికి తిరుగు ఆశా కార్యకర్తకు సరియైన వేతనమిచ్చుట, ఇవి నేడే ఫలించును. నీ మందు వచ్చుసరికి ఎన్ని చితులు కాలవలె?

శోధకురాలు: ఆ పనులలో ఒక్కదానినైన ఆపి నా పనికి ధనమియ్యుడని నేనడిగినచో నన్ను మీ యింట కూర్చుండనీయకుడు. అన్నము రోగమును రాకుండ కాపాడును. వచ్చినవానికి అన్నముతోపాటు మందును కావలె. ఆ ఆరు నెలలు ఇట్లే యున్నంతకాలము ఆశా కార్యకర్త ఆరు నెలలు గడప త్రొక్కవలె, కూలి ఆరు నెలలు కడుపు త్రిప్పుచు పనికి పోవలె. నెలలు తగ్గినచో మీ పక్షపు పనియే తేలికపడును. తగ్గుట అసాధ్యము కాదని రుజువైనది: రిఫాపెంటిన్, మాక్సిఫ్లాక్సాసిన్ కలిసిన నాలుగు నెలల చికిత్స ఆరు నెలలదానికి తీసిపోదని 2021లో తేలినది, మందులకు లొంగని క్షయకు ఏడాదిన్నరకు మించి పట్టు చికిత్సను బెడాక్విలిన్, ప్రెటోమనిడ్ మొదలగువాని కూర్పు ఆరు నెలలకు దించగా, 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దానిని సిఫారసు చేసినది. నాలుగు నెలలు రెండు నెలలగుటకు మాత్రము నిద్ర రహస్యమును ఛేదింపక తప్పదని నా నమ్మకము.

వైద్యుడు: ఇందులో ధర సంగతి మరువకుము. బెడాక్విలిన్‌కు 2012లో అమెరికాలో అనుమతి లభించినది. దాని పేటెంటును పొడిగింపుమను అర్జీని భారత పేటెంటు కార్యాలయము త్రోసిపుచ్చినది 2023లో. నడుమ పదియేండ్లకు పైగా కన్నులయెదుట మందుండియు పెక్కుమంది పేదరోగుల చేతికి అందలేదు. 1961లో ఐడీపీఎల్ అను ప్రభుత్వ ఔషధసంస్థ ఏర్పడి హైదరాబాదున కర్మాగారము నెలకొల్పిన నాటినుండి మందుల తయారీలో ఆరితేరిన రాష్ట్రము మనది. ఇచ్చటి ధనముతో పుట్టిన మందు ఇచ్చటి రోగికి అందు ధరకే పుట్టవలెను.

శోధకురాలు: ఒప్పుకొంటిని. నాదియు ఒక కోరిక. మీవంటి వైద్యులు మాకు క్రిములను మాత్రమే పంపుచున్నారు, ప్రశ్నలను పంపుట లేదు. రోగి ఏ నెలలో మందు మానెను, ఎందుచేత మానెను, రెండవ నెల చివర కఫములో క్రిములు మిగిలినవారెవరు, వారిలో ఎందరికి తిరుగబెట్టెను అను వివరములు, వారి అనుమతితో తీసిన కఫపు నమూనాలతో సహా మాకు చేరినచో, ఎలుకను వదలి వరంగల్లు మనిషిలోని క్రిమి ఏ సంకేతముతో నిద్రించుచున్నదో మేము చూడగలము. ఇచ్చట 1959 నుండి కాకతీయ వైద్యకళాశాల కలదు, ఎం.జి.ఎం. ఆసుపత్రి కలదు, కాకతీయ విశ్వవిద్యాలయమున ఔషధశాస్త్రశాఖ కలదు. రోగియు, వైద్యుడును, రసాయనశాస్త్రజ్ఞుడును ఒక్క పట్టణముననే యున్నారు.

వైద్యుడు: ఆ పనికి నా పాత రోగుల పుస్తకములు, తెలిసిన యువవైద్యులు నీకు తోడగుదురు. ధనమును పంచునప్పుడు నేనింకను అన్నమునే ముందుంచుదును. ఆ విషయమున మనకు సంధి లేదు. కాని నీ పనిని కాలక్షేపమని ఇకమీదట అనను. నీవు పట్టుకొనిన ప్రతి పదార్థమును ఈ రెండు ప్రశ్నలతో తూచుచుండుము: ఇది రోగికి ఎన్ని నెలలు మిగుల్చును? దీనిని కూలివాడు కొనగలడా, లేదా ప్రభుత్వము వానికి ఊరకే ఇయ్యగలదా? ఈ రెండింటికిని సమాధానము చెప్పగల ఎంజైమే లక్ష్యము, తక్కినది విజ్ఞానము. విజ్ఞానమును గౌరవింతును గాని, దానిని చూపి రోగిని వేచియుండుమని చెప్పజాలను.

శోధకురాలు: వేచియుండుమని నేనును చెప్పను, మామయ్యా. నేడున్న మందును నేడే సంపూర్ణముగా తినుమందును. రేపటివాడు ఆరు నెలలు తినకుండుటకై నేడే పనిచేయుదును.